ఊరందరికీ తెలుసు – కాగితానికే తెలియదు
పంచాయతీకి పెత్తనం వచ్చి ఆరు దశాబ్దాలు దాటినా పేదవాడి అర్జీ బందరు బస్సు ఎక్కుతూనే ఉంది

(మా విలేకరి)

అవనిగడ్డ: సోమవారం తెల్లవారుజామున నాగాయలంక, కోడూరు వైపు నుంచి బందరు వచ్చే పల్లెవెలుగు బస్సుల్లో కాలు పెట్టడానికి చోటుండదు. అంగడి పని మీద పోయేవారు కొందరైతే, చేతిలో ప్లాస్టిక్ సంచీ, సంచీలో జిరాక్సు కాగితాలు, కాగితాల మీద మడతపెట్టిన అర్జీ పట్టుకుని పోయేవారు చాలామంది. కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారు. ప్రభుత్వం మారినప్పుడల్లా ఈ కార్యక్రమానికి పేరు మారింది. ప్రజావాణి అన్నారు, మీ కోసం అన్నారు, స్పందన అన్నారు. సోమవారం మాత్రం మారలేదు.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఈ బస్సుల్లో టిక్కెట్టు లేదు. అది కొంత నయం. అయితే టిక్కెట్టు లేకపోయినా ఆ రోజు కూలి పోతుంది. వరి కోతల రోజుల్లో, రొయ్యల పట్టుబడి రోజుల్లో ఒక సోమవారం పోవటమంటే కూలి మనిషికి చిన్న సంగతి కాదు.

వెళ్ళే పనులేమిటని ఈ విలేకరి దారిలో నలుగురిని అడిగి చూశాడు. ఒకామెకు పింఛను ఆగిపోయింది. ఒకాయన కొడుకు వేరు కాపురం పెట్టినా రేషను కార్డు వేరు కాలేదు. ఇంకొకరికి ఇళ్ళ స్థలం పట్టా ఉంది గాని స్థలం ఎక్కడో చూపించలేదు. మరొకరిది మురుగు బోదె తగాదా. ఈ నాలుగు పనులకూ జవాబు చెప్పగలిగినవారు బందరులో లేరు. వాళ్ళ ఊళ్ళోనే, వాళ్ళ వీధిలోనే ఉన్నారు. ఎవరికి పింఛను అవసరమో, ఎవరు వేరు కాపురం ఉన్నారో, ఏ బోదె ఎవరు పూడ్చారో ఊరందరికీ తెలుసు. తెలిసినవారిని అడిగే పద్ధతి లేకనే ఇంత దూరం ప్రయాణం.

ఒక మీటరు కథ

ఈ విలేకరి ఉండే వీధిలోనే ఒకావిడ ఉంది. వరసకు పిన్ని అవుతుంది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఒక గది ఇల్లు, ఒక బల్బు, ఒక ఫ్యాను. పింఛను ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎందుకు ఆగిందని అడిగితే ఆమె పేరు మీద నెలకు మూడు వందల యూనిట్లకు మించి కరెంటు కాలుతున్నట్టు కంప్యూటరులో చూపిస్తోందన్నారు. ఆరా తీస్తే తేలిందేమంటే, ఎవరిదో రొయ్యల చెరువు మోటారు మీటరు ఆమె ఆధార్ నంబరుకు తగులుకుని ఉంది. ఎలా తగులుకుందో ఎవరికీ తెలియదు.

ఆమెకు రొయ్యల చెరువు లేదని చెప్పడానికి ఊళ్ళో సాక్షులకు కొదవ లేదు. చెరువు గట్ల మీద ఆమె చేసే కూలి పని చూసినవారే అందరూ. అయినా ఒక ఆఫీసులో ఇంకొక ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడ కరెంటువారి కాగితం తెమ్మన్నారు. కరెంటువారు మీటరు ఎవరిదో వారినే తీసుకురమ్మన్నారు. “నా మీటరు కాదంటుంటే, ఎవరిదో నేనెక్కడ వెతకనురా అబ్బాయ్?” అని ఆమె ఈ విలేకరిని అడిగింది. జవాబు చెప్పలేకపోయాడు.

2024 జూలై నుంచి వితంతు పింఛను నెలకు నాలుగు వేల రూపాయలు. 2014లో వెయ్యి చేసిన రోజున అదే పెద్ద మొత్తమనుకున్నాం. నాలుగు వేలంటే ఒంటరి మనిషికి బియ్యం పోగా ఉప్పు, పప్పు, మందులు వెళ్ళిపోతాయి. ఇంత పైకం ప్రభుత్వం ఇస్తున్నప్పుడు అనర్హులకు పోకూడదని కట్టుదిట్టం చేయటం తప్పు కాదు. మాగాణి ఎంత, కారు ఉందా, ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉన్నాడా, కరెంటు ఎంత అని చూడవలసిందే. కాని చూసేది యంత్రం అయినప్పుడు, యంత్రం తప్పు చెబితే అది తప్పని చెప్పే అధికారం ఊళ్ళో ఒకరికైనా ఉండాలి కదా. ఆ అధికారం చట్టం ప్రకారం ఒకరికి ఉంది. ఆ ఒకరు ఊరే. దాని పేరు గ్రామసభ.

షాద్‌నగర్ నుంచి

ఇది కొత్త ఆలోచన కాదు. పట్టణాల సంగతి ముందు చెప్పుకుంటే బందరుకు 1866లోనే మునిసిపాలిటీ వచ్చింది. గుడివాడకు 1937లో వచ్చింది. పల్లెలకు మాత్రం స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం బి.డి.ఓ. గారే దిక్కు. 1952లో సమష్టి అభివృద్ధి పథకం పెట్టి రోడ్లు, బావులు, ఎరువులు అన్నారు. జనం అది సర్కారు పని అని చూస్తూ ఊరుకున్నారు. ఎందుకిలా జరిగిందో చూడమని వేసిన శ్రీ బల్వంతరాయ్ మెహతా సంఘం 1957లో నివేదిక ఇచ్చింది. ఊళ్ళో పంచాయతీ, దానిపైన సమితి, దానిపైన జిల్లా పరిషత్తు పెట్టి, ఎన్నికైనవారి చేతికి పని, పైకం రెండూ ఇవ్వమన్నది. రాజస్థాన్ మొదలుపెట్టిన కొద్దిరోజులకే, 1959 అక్టోబరులో షాద్‌నగర్‌లో ప్రధాని నెహ్రూ గారు మన రాష్ట్రంలో పంచాయతీరాజ్‌కు ప్రారంభం చేశారు. కృష్ణా జిల్లా పరిషత్తుకు బందరు కేంద్రమైంది.

సమితులు వచ్చినా, ఊళ్ళో అసలు కాగితం కరణం గారి దస్త్రంలోనే ఉండేది. పొలం ఎవరిదో, అడంగలులో ఎవరి పేరో ఆయన కలం చెప్పాలి. పంచాయతీకి ఎన్నికైన సర్పంచి అయినా కరణం గారి అరుగు మీద కూర్చోవలసిందే. 1984లో శ్రీ ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలను రద్దు చేసేదాకా ఈ వంశపారంపర్యం సాగింది.

ఉప్పెన నాడు

దివిసీమవారికి పంచాయతీ అవసరమేమిటో ఎవరూ ఉపన్యాసం చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19 శనివారం చాలు. ఆ ఉప్పెనలో సుమారు పదివేల మంది పోయారని ప్రభుత్వ లెక్క. అంతకు మించి పోయారని ఈ ప్రాంతంలో ఇప్పటికీ అంటారు. సొర్లగొంది, మూలపాలెం, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. పోయినవారిలో ఎక్కువమంది తాటాకు పాకల్లో ఉన్నవారే. డాబా ఉన్నవాడు డాబా ఎక్కాడు, పాక ఉన్నవాడికి ఎక్కడానికి ఏమీ లేదు.

ఈ విలేకరి తాతగారు ఆ రోజుల్లో బతికి బయటపడినవారు. నీళ్ళ సంగతి ఆయన ఎక్కువ చెప్పేవారు కాదు. ఆ తర్వాత వచ్చిన జాబితాల సంగతి చెప్పేవారు. పోయినవారి పేర్లు రాసుకోవడానికి గుమాస్తాలు పుస్తకాలు పట్టుకుని వచ్చారట. ఇంట్లో ఒకరు మిగిలితే ఆ ఇంటి పేర్లు చెప్పారు. ఇల్లంతా పోతే పక్కింటివారు చెప్పారు. పక్కిల్లూ పోతే పక్క ఊరివారు, చుట్టాలు వచ్చి గుర్తున్నంత చెప్పారు. చంటిపిల్లలకు ఇంకా పేరు పెట్టని ఇళ్ళూ ఉన్నాయి. సహాయం ఆ జాబితాను బట్టే. పేరు చెప్పేవాడు లేనిచోట చచ్చిపోయినట్టు రుజువు కూడా లేదు.

1970లో పంచాయతీ ఎన్నికలు జరిగాక మళ్ళీ 1981 దాకా మన రాష్ట్రంలో జరగలేదు. అంటే ఉప్పెన వచ్చేనాటికి ఊరు తన పెద్దను ఎన్నుకుని ఏడేళ్ళు దాటింది. అప్పటి అవనిగడ్డ శాసనసభ్యులు శ్రీ మండలి వెంకట కృష్ణారావు గారు, రామకృష్ణ మిషన్ వంటి సంస్థలు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన విద్యార్థులు చేసిన సేవ ఈ సీమ మరువలేదు. వారంతా బయటినుంచి వచ్చి ఆదుకున్నవారు. ఊరు తనకు తానుగా నిలబడి ఇదిగో మా జాబితా, ఇదిగో మా అవసరం అని చెప్పే ఏర్పాటు మాత్రం ఆనాడు బలంగా లేదు.

పదమూడేళ్ళకు, 1990 మే 9న, అంతటి గాలి మళ్ళీ కృష్ణా ముఖద్వారం వైపే వచ్చింది. ఈసారి కోస్తా అంతటా ఆరు లక్షలకు పైగా జనాన్ని ముందే ఒడ్డు ఊళ్ళ నుంచి తరలించారు. చనిపోయినవారు రాష్ట్రమంతటా వెయ్యి లోపే. వెయ్యి కూడా తక్కువ కాదు, అయినా 1977తో పోల్చి చూడండి. ఉపగ్రహం చూసింది, రేడియో చెప్పింది, అధికారులు జీపులు పంపారు, అంతా నిజమే. కాని ఏ గుడిసెలో కదలలేని ముసలమ్మ ఉంది, ఏ ఇంట్లో నెలలు నిండిన మనిషి ఉంది, వేటకెళ్ళిన పడవ ఇంకా ఏది రాలేదు, ఇది ఢిల్లీకి తెలియదు, బందరుకూ తెలియదు. ఊళ్ళో టముకు వేసినవాడికి తెలుసు. తుపాను షెల్టరు తాళం చెవి ఎవరి మొలలో ఉందో తెలిసిన ఊరు బతుకుతుంది.

మండలం దగ్గరైంది

శ్రీ రామారావు పుట్టింది గుడివాడకు దగ్గరలోని నిమ్మకూరులో. 1983లోనూ, 1985లోనూ గుడివాడ ఆయనను గెలిపించింది. ఆయన కాలంలో మూడు వందల పైచిలుకు సమితులు పోయి వెయ్యికి పైగా మండలాలు వచ్చాయి. 1986లో చట్టం చేసి, 1987లో మండలాధ్యక్షులను, జిల్లా పరిషత్తు అధ్యక్షులను జనమే నేరుగా ఓటు వేసి ఎన్నుకునేటట్టు చేశారు. 1994 చట్టంలో ఆ నేరు ఎన్నిక పోయి, సభ్యులు తమలో ఒకరిని ఎన్నుకునే పద్ధతి వచ్చింది.

దీనివల్ల పేదవాడికి ఒరిగిందేమిటంటే దూరం తగ్గింది. సొర్లగొంది మనిషి తాలూకా కచేరీకని అవనిగడ్డ దాకా రావలసినవాడు, నాగాయలంకలో పని ముగించుకుని అదే పూట ఇల్లు చేరగలిగాడు. దూరం తగ్గటం పేదరికం తగ్గటమేనా అని పట్నంవారికి అనుమానం రావచ్చు. రెక్కాడితే గాని డొక్కాడని వాడికి ఒక పూట మిగలటం ఎంతో ఈ పేజీ చదివేవారికి చెప్పనక్కరలేదు.

చట్టంలో ఉన్నది

1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమలులోకి వచ్చింది. ఐదేళ్ళకొకసారి ఎన్నిక తప్పనిసరి అన్నది. పంచాయతీలకు ఇవ్వదగినవంటూ 29 విషయాలు జాబితా వేసింది. తాగునీరు, చిన్న సేద్యం, చేపల పెంపకం, పేదరిక నిర్మూలన, అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని అనుసరించి మన రాష్ట్రం 1994లో చట్టం చేసింది. గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు కూడాలి, జమాఖర్చులు చదవాలి, పథకాలకు లబ్ధిదారులెవరో అక్కడ తేలాలి అని అందులో రాసి ఉంది.

ఎన్నికలు తప్పనిసరి అయ్యాక ఏం జరిగిందో తేదీలే చెబుతాయి. 2006లో ఎన్నికైనవారి గడువు 2011లో తీరితే, మళ్ళీ ఎన్నికలు 2013 జూలైలో. వారి గడువు 2018 ఆగస్టులో తీరితే, మళ్ళీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో. మధ్య కాలమంతా ప్రత్యేకాధికారుల పాలన. ఒక్కొక్క అధికారికి కొన్ని ఊళ్ళు. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్రం నుంచి రావలసిన నిధులు కూడా ఆ రోజుల్లో ఆగాయి. ఆ ప్రభుత్వమని, ఈ ప్రభుత్వమని లేదు. పంచాయతీ ఎన్నిక వాయిదా పడితే శాసనసభలో ఎవరికీ నిద్ర చెడదు.

గ్రామసభల సంగతి. చాలా ఊళ్ళలో సభ జరిగినట్టు పుస్తకంలో సంతకాలుంటాయి. సభ ఎప్పుడు జరిగిందని అడిగితే సంతకం పెట్టినవారికే తెలియదు. పుస్తకం ఇంటింటికీ తిరుగుతుంది, జనం కదలరు. ఈ విలేకరి కూడా రెండుసార్లు తన ఇంటి గుమ్మంలో నిలబడి అలా సంతకం పెట్టినవాడే. కనుక ఇతరులను అనడానికి అంత హక్కు లేదు.

పేద ఊరికి పేద పంచాయతీ

పెత్తనం ఉన్నా పైకం ఉండాలి. పంచాయతీకి సొంత రాబడి ఏమిటి? ఇంటి పన్ను, నీటి కుళాయి రుసుము, చెరువు వేలం, రేవు వేలం, సంత వేలం. ఇంటి పన్నుతో పాటు వసూలు చేసే గ్రంథాలయ సెస్సు, రూపాయికి ఎనిమిది పైసలు, అదీ పంచాయతీకి మిగలదు. గుడివాడ, నందివాడ వైపు మేడలున్న ఊరిలో, చేపల చెరువులున్న ఊరిలో, మిల్లులున్న ఊరిలో ఈ రాబడి కనిపిస్తుంది. చెరువు వేలంలో పాట బాగా పోయిన ఏడు వీధి దీపాలు కూడా బాగా వెలుగుతాయి.

సముద్రపు ఒడ్డు ఊళ్ళ సంగతి వేరు. ప్రభుత్వం కట్టిచ్చిన ఒక గది ఇళ్ళకు ఇంటి పన్ను ఎంత వస్తుంది? దుకాణాలు రెండు. భూమిలో నీరు ఉప్పు కనుక బోరు వేసి కుళాయి పెట్టే వీలు లేదు. కాలువ వదిలినప్పుడు చెరువు నింపుకుని, ఎండాకాలం దాకా కాపాడుకోవాలి. అంటే తాగునీటి ఖర్చు ఎక్కడ ఎక్కువో, రాబడి అక్కడే తక్కువ. పేదవారున్న ఊరికి పేద పంచాయతీ. ఈ ముడి పైనుంచి వచ్చే నిధితోనే విడాలి.

ఆ నిధి రాలేదని అనలేం. 2015 నుంచి 2020 దాకా దేశంలోని గ్రామ పంచాయతీలకు పద్నాలుగో ఆర్థిక సంఘం రెండు లక్షల కోట్ల రూపాయలు కేటాయించింది. అంతకుముందు ఎన్నడూ ఎరగని మొత్తం. పదిహేనో ఆర్థిక సంఘం ఇచ్చినదాంట్లో అరవై శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలని కట్టుబాటు చేసింది. కాని 2021–22లో పంచాయతీలు కరెంటు బకాయి ఉన్నాయని ఈ ఆర్థిక సంఘాల సొమ్మును ఆ బకాయిల కింద రాష్ట్ర ప్రభుత్వం సర్దుబాటు చేసింది. ఖాతాలో పడిందనుకున్న డబ్బు తెల్లారేసరికి లేదని సర్పంచులు పార్టీలతో నిమిత్తం లేకుండా రోడ్డెక్కారు. బకాయి నిజమే కావచ్చు. కాని పంచాయతీ కూచుని ‘ముందు మోటారు బిల్లు కడదాం, తర్వాత పైపు వేద్దాం’ అని తీర్మానించుకోవటం వేరు, పైవారే తీసి కట్టేసుకోవటం వేరు.

పక్కదారులు

ఎవరికి సాయం చేయాలో తేల్చే పని కూడా పంచాయతీ చేతిలో నిలవలేదు. 2014 తర్వాత జన్మభూమి కమిటీలు వచ్చాయి, పింఛనుకు వారి సంతకం కావాలన్నారు. 2019లో యాభై ఇళ్ళకొక వాలంటీరు వచ్చాడు, అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాయి. వాలంటీరు ఇంటికే వచ్చి పింఛను ఇస్తుంటే ముసలివారు సంతోషించారు, ఆ మాట దాచనక్కరలేదు. 2024లో ప్రభుత్వం మారాక ఆ ఏర్పాటు పోయి సచివాలయ సిబ్బంది ఇళ్ళకు వెళ్ళి ఇవ్వసాగారు. ఏ పద్ధతిలోనైనా సర్పంచి పక్కన నిలబడి చూసినవాడే. ఒకరు తమవారితో కమిటీ వేశారు, ఒకరు తాము నియమించినవారితో నడిపారు. ఓటు వేసి ఎన్నుకున్నవారిని అడగటం మాత్రం ఇద్దరికీ ఇష్టం లేకపోయింది.

ఉపాధి హామీ పనుల్లోనూ ఇదే. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఆ పథకం కింద కనీసం సగం పనులు గ్రామ పంచాయతీల ద్వారానే జరగాలని 2005 చట్టం చెప్పింది. మన రాష్ట్రంలో మస్టరు, కొలతలు, చెల్లింపు ఎక్కువగా ఉద్యోగుల చేతి మీదుగానే నడిచాయి. అయితే ఒక మంచి సంప్రదాయం ఇక్కడే గట్టిపడింది. అది సామాజిక తనిఖీ. మస్టరులో పేర్లు ఊరి మధ్య పైకి చదవటం. చచ్చిపోయినవాడు పలుగు పట్టినట్టు, ఊరు విడిచినవాడు మట్టి మోసినట్టు రాసిన పద్దులు అలా చదివితేనే బయటపడ్డాయి. ఆఫీసులో అవే పద్దులు పది సంతకాలు దాటి వచ్చినవి. ఊళ్ళో చదివేసరికి చిన్నపిల్ల కూడా ‘ఆయన లేడు కదా’ అన్నది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఉపాధి పనులు ఎంపిక చేయించారు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ పాత చట్టం స్థానంలో 125 రోజుల పని అంటూ కొత్త చట్టం చేసింది. పేరు మారినా, మస్టరు ఊళ్ళో పైకి చదువుతారా లేదా అన్నదే కూలివాడు చూసుకోవలసింది.

ఇతర దేశాల్లో

ఈ తగాదా మనదొక్కరిదే కాదు. ఆసియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లోని పేద దేశాలు చాలా ఇదే దారి పట్టాయి. బొలీవియా అనే దేశం 1994లో ఒక చట్టం చేసి పన్నుల రాబడిలో ఇరవై శాతం తల లెక్కన స్థానిక సంస్థలకు పంచింది. అంతకుముందు నిధుల్లో ఎక్కువ భాగం పెద్ద నగరాలకే పోయేది. పంచాక చిన్న ఊళ్ళు ఆ డబ్బును బడికి, తాగునీటికి, మురుగు కాలువకు పెట్టుకున్నాయి. మన పక్కన కేరళ 1996లో ప్రణాళిక నిధుల్లో మూడోవంతుకు పైగా స్థానిక సంస్థలకు వదిలి, మీరే ప్రణాళిక వేసుకోండన్నది. పైకం లేకుండా పెత్తనం మాత్రమే దింపినచోట ఊరి మోతుబరులకు ఇంకొక కుర్చీ దొరికిందే తప్ప పేదవాడికి ఒరిగింది తక్కువ.

మోతుబరి మాట ఇక్కడ అనక తప్పదు. మన డెల్టాలో 1997లో సాగునీటి సంఘాలు పెట్టారు. కాలువ పెత్తనం రైతుకే అన్నారు. మంచి పనే. కాని పొలం ఉన్నవారిదే ఓటు. ఆ నీటి మీద బతికే కూలివాడికి ఓటు లేదు. కాలువ మొదట్లో ఉన్న ఊరికీ, దివిసీమ చివర ఉన్న ఊరికీ మధ్య తగాదాలో బలం ఎవరిదో తెలిసిందే. కౌలు రైతు సంగతి మరీ విచిత్రం. 2011లో ఒక చట్టం, 2019లో ఇంకొక చట్టం చేసి కార్డులిస్తామన్నారు. ఏ చేను ఎవరు కౌలుకు చేస్తున్నారో గట్టు మీద పోయే ప్రతివాడికీ తెలుసు. కాగితం మీద మాత్రం భూస్వామి సంతకం కావాలి. ఆయన హైదరాబాదులో ఉంటాడు, సంతకం పెట్టడు. తుపాను వచ్చి చేను పడితే నష్టపరిహారం ఆయన ఖాతాలో పడుతుంది. కనుక ఊరికి తెలిసినంత మాత్రాన న్యాయం జరిగిపోదు. తెలిసినదాన్ని నలుగురిలో చెప్పే ధైర్యం కూడా కావాలి.

ఆ ధైర్యం ఆడవాళ్ళకు కాస్త ఎక్కువేమోనని ఈ విలేకరి అభిప్రాయం. 2011లో మన రాష్ట్రం స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవారికి కేటాయించింది. పేరుకు ఆమె సర్పంచి, కుర్చీలో భర్త అని నవ్వుకునే ఊళ్ళు ఉన్నాయి, నిజమే. కాని బెంగాల్, రాజస్థాన్ రాష్ట్రాల్లో ఆర్థిక శాస్త్రవేత్తలు లెక్కలు తీస్తే ఆడవారు అధ్యక్షులుగా ఉన్న పంచాయతీలు తాగునీటి మీద ఎక్కువ ఖర్చు పెట్టినట్టు తేలింది. బిందె మోసేది ఎవరో వారికే బిందె బరువు తెలుస్తుంది. మన ఉప్పునీటి ఊళ్ళలో మంచినీటి చెరువు గట్టు తెగితే ముందు కేకలు వేసేదీ వారే.

తీర్మానం నకలు

మళ్ళీ మీటరు సంగతికి వద్దాం. ఒక గ్రామసభలో పిన్ని లేచి తన గోడు చెప్పుకుంటే ‘ఇది పనుల సభ, పింఛన్ల సభ కాదు’ అన్నారు. ఆమె కూర్చుంది. తర్వాతి సభకు వీధిలో ఆడవాళ్ళంతా ఒక్కటై వెళ్ళారు. డ్వాక్రా సంఘం పుస్తకాలు రాసే అమ్మాయి ముందే ఒక కాగితం రాసి తీసుకెళ్ళింది. ఫలానా నంబరు మీటరు ఈమెది కాదు, ఈమె ఉండేది ఫలానా తలుపు నంబరులో, ఆ ఇంటికి వచ్చే బిల్లు ఇంత, అని. మీటర్లు చూసే కుర్రవాడిని కూడా పిలిపించారు. ఆ నంబరు మోటారు ఊరి బయట చెరువు గట్టు మీద ఉందని అతడే చెప్పాడు. చెరువు ఎవరిదో అందరికీ తెలుసు. ఆయనా సభలో వెనక నిలబడే ఉన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆయనే, ‘నాదే, రాసుకోండి’ అన్నాడు.

కార్యదర్శి తీర్మానం రాశాడు. సర్పంచి సంతకం పెట్టింది. వేలిముద్రలు, సంతకాలు కలిపి ఒక పేజీ నిండాయి. ఈసారి పుస్తకం ఇల్లిల్లూ తిరగలేదు.

ఆ పేజీ నకలు సంచీలో పెట్టుకుని పిన్ని తర్వాతి సోమవారం బందరు వెళ్ళింది. కాగితం చూసి, ఎప్పటిలా ఇంకొక ఆఫీసుకు పొమ్మనకుండా, నంబరు వేసి రసీదు ఇచ్చారట. ఆధార్ నుంచి మీటరు తీసేశారని పది రోజులకు తెలిసింది. పింఛను పునరుద్ధరణ ఇంకా కావలసి ఉంది. ఆగిన నెలల సొమ్ము ఇస్తారా ఇవ్వరా అని సచివాలయంలో అడిగితే, అది పైనుంచి తేలాలన్నారు.